లోపలి నుంచి కొట్టిన మేకులు

మొదటి మేకు దగ్గరే చెప్పేసి ఉంటే? పీపాకు లోపలి నుంచి కొడితే గరుకు అంచులు బయటికి పొడుచుకొస్తాయని సీమోనుకు అప్పుడే తెలుసు. చెప్పలేదు. పదో తరగతి పిల్లలు సగం పీపాకు అలాగే మేకులతో పొక్కలు కొట్టి, పిడి బిగించి, పసుపు కొమ్ములు పోసి తిప్పారు. కొమ్ములు నునుపెక్కలేదు, తిప్పినవాడి చొక్కా చిరిగింది. మూడు రోజులు పోట్లాడుకుని, మిగతా సగానికి బయటి నుంచి కొట్టారు. గరుకు లోపలికి తిరిగింది, పొట్టు రాలింది. ఆ రోజు వాళ్ళు వేసిన కేకలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

చెప్పవద్దన్నది హెడ్మాస్టర్ రామ్‌దాస్. "పిల్లలు చేతులతోటి ఆలోచించాలె, తప్పు జేసి నేర్వాలె" అన్నాడాయన. ఆ మాట నమ్మబట్టే సీమోను బోధన్‌లో ఫిట్టరు పని వదులుకుని, నిజామాబాద్ బడిలో కొత్తగా పెట్టిన ఇంజనీరింగ్ తరగతికి వచ్చాడు.

ఈ పొద్దున అదే మనిషి పీపాను సామాన్ల గదిలో పెట్టించి, తాళంచెవి సీమోను చేతిలో పెట్టాడు.

"ఇన్ని తప్పు పొక్కలున్నదాన్ని ఇన్‌స్పెక్టరుకు చూపెడ్తమా? నవ్వుతడు. కోర్సే బందు వెడ్తరు."

హాల్లో బల్ల మీద హైదరాబాదులో కొన్న చిన్న ఇత్తడి ఇంజను నమూనా మెరుస్తోంది. ముందర ఒక అట్టముక్క: 'రూపకల్పన, తయారీ: పదో తరగతి. శిక్షకుడు: సీమోను.'

పిల్లలు గోడవారగా నిలబడ్డారు. ఒక్కరూ అతని వైపు చూడరు. అప్పుడు నోరు మూసుకుంటే అది నేర్పడమనుకున్నాడు. ఇప్పుడూ నోరు మూసుకునే ఉన్నాడు. రెండింటికీ తేడా వాళ్ళకెలా తెలుస్తుంది? తనకు తెలుసా?

గుమ్మంలోకి హన్మవ్వ వచ్చింది. గంజ్ మార్కెట్టులో రూపాయిన్నర కూలికి రోజంతా చేతులతో పసుపు రుద్దే మనిషి. ఇంట్లో నీళ్ళు నింపుకునే పీపాను బడికిచ్చింది ఆమే. పనయ్యాక తిప్పుడు పీపా నీదేనని మాటిచ్చినవాడు సీమోను.

"సారూ, నా పీప యాడ వెట్టిండ్రు? నాలుగు నెలల్సంది బిందెల్తోనే ఎల్లదీస్తున్న." బల్ల మీదికి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఓ యవ్వ! గిదేనా? అంత పీపను గింత బుడ్డగ జేసిండ్రా?"

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"హన్మవ్వా, తర్వాత రాపో. ఆఫీసరొస్తున్నడు," అన్నాడు రామ్‌దాస్.

"పోత గని, గీ చేతులు సూడు సారూ. మల్ల పసుపు దినాలు రానే వచ్చె."

అరచేతుల పగుళ్ళలో పసుపు నల్లబడి ఉంది. సీమోను తన చేతిలోని తాళంచెవిని చూసుకున్నాడు.

బయట జీపు ఆగింది.

అతను వెళ్ళి సామాన్ల గది తెరిచాడు. పీపాను దొర్లించుకుంటూ హాల్లోకి తెచ్చాడు. ఆ చప్పుడుకు పిల్లలు తలెత్తారు.

"సీమోనూ, నౌకరి యాదుంచుకో," రామ్‌దాస్ పళ్ళ బిగువున అన్నాడు.

సీమోను ఇంజను ముందున్న అట్టముక్క తీసి పీపాకు ఆనించాడు. జారిపోతుందనుకున్నాడు. బయటికి పొడుచుకొచ్చిన తప్పు పొక్క అంచు దాన్ని పట్టుకుంది.