పాడ్ థాయ్‌లో రెండు చెంచాలు

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది నేను పాఠాలు చెప్పే ట్యూషన్ సెంటర్ మూతపడింది, నాన్న పనిచేసే మగ్గాల కార్ఖానా కూడా. అప్పుడే మగ్గాల పనివాళ్ళుండే లింబాయత్ బస్తీలోని మా గదిలో పాడ్ థాయ్ వండి, స్కూటీ మీద ఊరికి అవతల ఉన్నవాళ్ళుండే అడాజన్ ఫ్లాట్లకు చేరవేయడం మొదలుపెట్టాను. థాయిలాండ్ వాళ్ళ వంట అది. వెడల్పాటి బియ్యపు నూడుల్స్, చింతపండు పులుసు, బెల్లం, పల్లీల పొడి. నూడుల్స్‌ను మా అమ్మ కొమురవ్వ చల్లనీళ్ళలో నానబెట్టి, నూలు పోగుల చిలుప విదిలించినట్టు విదిలించేది. ఒక్క పోగు అంటుకునేది కాదు. వాట్సాప్ ప్రకటనలో 'పూర్తి శాకాహారం' అని రాసింది మాత్రం నేను.

మొదట తెప్పించుకున్నది డాక్టర్ మౌక్తిక. విజయనగరం వాళ్ళు. ఆ ఇంట్లో గుడ్డు కూడా వండరు.

"బాగుంది నీరజా. కానీ బ్యాంకాక్‌లో తిన్నదాంట్లో ఇంకేదో ఉంది. ఇది మన పులిహోరకి చుట్టంలా ఉంది" అని ఆవిడ నవ్వింది.

ఆ నవ్వు గుచ్చుకుంది. ఆ ఇంకేదో ఏమిటో నాకు తెలుసు. చేపల సాస్. ఉప్పులో ఊరిన చేపల నుంచి తీసిన నీరు. ఆవిడ మళ్ళీ తెప్పించుకున్నప్పుడు రెండు చెంచాలు వేశాను. ముక్క లేదు, ముల్లు లేదు, ఉప్పునీళ్ళే కదా అనుకున్నాను. ఎండుచేపల వాసనలో పెరిగినదాన్ని, అది నాకు తప్పుగా తోచలేదని రాయాలనే ఉంది. కానీ సీసాను అమ్మకు కనబడకుండా బియ్యం డబ్బా వెనక పెట్టాను.

ఆ రోజు మౌక్తికకు ఆసుపత్రిలో డ్యూటీ పడింది. తిన్నది ఆమె తల్లి చాముండేశ్వరి గారు. మర్నాడు పొద్దున ఆవిడే ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఏం చేశావే? కరోనా తగ్గిన దగ్గర్నుంచీ మూడు నెలలుగా ఏది తిన్నా మట్టి తిన్నట్టే ఉంది నాకు. నిన్న నీ నూడుల్స్ నోట్లో పెట్టుకోగానే రుచి తెలిసింది. సాయంత్రం అదే పట్రా."

అమ్మ విన్నది. "పుణ్యం కట్టుకున్నవ్ బిడ్డా. ఏమేసినవ్?" అంది సంబరంగా.

నేను పల్లీలు దంచసాగాను. అమ్మ బియ్యం కోసం డబ్బా జరిపింది. అమ్మకు చదువు రాదు. సీసా మీది బొమ్మకు చదువు అక్కర్లేదు.

"ఏందే ఇది?"

"సాస్."

"సాస్ మీద చేపకేం పని?"

చెప్పాను. అమ్మ కూర్చుండిపోయింది.

"శ్రావణమొస్తే మనమే నీసు గిన్నె అటక మీద పెడతం. గంత చదివినవ్. ఒకరి నోట్ల నీసు పెట్టినవా?"

"కొద్దిగనే అమ్మా."

"కొద్దిగనే అని ఆమెకు జెప్పి పెట్టినవా?"

సీసా కోసం చెయ్యి చాపితే అమ్మ ఇవ్వలేదు.

"పోయి చెప్పు. నీ నోటితోనే చెప్పు."

సాయంత్రం సాస్ లేని డబ్బా పట్టుకుని వెళ్ళాను. చాముండేశ్వరి గారు తలుపు తీసి, నేను నోరు తెరిచేలోపే నా చేతిలో కొబ్బరిముక్క పెట్టింది.

"రుచి తిరిగొచ్చిందని పొద్దున్నే స్వామికి కొబ్బరికాయ కొట్టానే. తీసుకో."

"ఆంటీ, నిన్నటి దాంట్లో చేపల సాస్ ఉండె."

ఆవిడ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది. "పొరపాటున పడిందా?"

ఔనంటే అయిపోయేది. దారి ఆవిడే చూపించింది.

"కాదు ఆంటీ. తెలిసే వేసిన. మేడంకు నచ్చాలని. మీరు తింటరనుకోలే."

"దానికైతే పెట్టొచ్చా?"

తల వంచుకున్నాను. అక్కడ నా చెప్పులే కనిపించాయి.

"మౌక్తికకి చెప్పకు. పోనీలే అమ్మా అంటుంది. ఆ మాట నాకు వినాలని లేదు" అంది నెమ్మదిగా.

డబ్బా అందుకోలేదు. తలుపు గట్టిగా వేయను కూడా లేదు. లోపల కుళాయి తిప్పిన శబ్దం, ఆ తర్వాత పుక్కిలించి ఉమ్ముతున్న శబ్దం వినబడ్డాయి. లిఫ్ట్ వచ్చి తెరుచుకుంది. ఆ పుక్కిలింత ఆగాక ఎక్కుదామని నిలబడ్డాను. ఆగలేదు.