గంధం పూసిన ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఒళ్లు, కడుపులో ఒక బెండు గుండు. ఆ గుండు తిరిగితేనే నాకు గొంతు. మొదట నన్ను కొన్నది డ్రిల్లు మాస్టారు భూషణం గారు. ఆయన మెడలో వేలాడుతూ ఎంతమంది పిల్లల్ని ఎండలో నిలబెట్టానో లెక్కలేదు. రిటైరయ్యాక కాకినాడలో ఒక కాలనీలో ఇల్లు కట్టుకుని, నన్ను మేకుకు తగిలించారు. ఇక విశ్రాంతి అనుకున్నాను.

ఇంతలో కాలనీలో పట్టపగటి దొంగతనాలు మొదలయ్యాయి. అందరూ ఆఫీసుల్లో ఉండగా రెండిళ్ల తాళాలు పగిలాయి. కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టి ఎస్సై గారిని పిలిచారు. "వంతులేసుకుని కాపలా ఉండండి. కొత్త మనిషి కనిపిస్తే ముందు పలకరించండి. అనుమానమొస్తే ఈల వేసి మాకు ఫోన్ చెయ్యండి. చెయ్యి మాత్రం చేసుకోకండి," అన్నారాయన. మనుషుల చెవులు తమకు కావలసిన మాట దగ్గరే తెరుచుకుంటాయి. వీళ్లకు వినపడింది ఈల ఒక్కటే. భూషణం గారు నన్ను మేకు మీంచి తీసి కాపలాకు ఇచ్చేశారు. మర్నాటికల్లా నూనె పట్టించిన కర్రలు వచ్చాయి.

"ఒక్కడు దొరకాలండి. కాళ్లిరగ్గొడితే మళ్లీ ఈ వైపు చూడడు," అనేవారు ప్రెసిడెంటు పట్టాభిరామయ్య గారు. మధ్యాహ్నాలు ఆయన జట్టు హాల్లో క్యారమ్స్ ఆడుతూ నా కూత కోసం ఎదురుచూసేది. నేను రోజుకో ఇంటి వంతుగా మెడలు మారుతుండేదాన్ని. దొంగ రాలేదు, వాళ్ల చేతుల దురదా తీరలేదు. నాకు భయంగా ఉండేది.

దసరా వచ్చింది. ఆయుధపూజకు కర్రల పక్కన నన్నూ పళ్లెంలో పెట్టారు. ప్రెసిడెంటు గారి భార్య భక్తిగా గంధం మెత్తి, బొట్టు పెట్టింది. ఆ గంధం నా నోట్లోకి జారి, కడుపులో గుండును పట్టేసి ఎండిపోయింది. పైపైన తుడిచారే తప్ప ఒక్కరూ ఊది చూడలేదు. నా గొంతు పోయిందని నాకొక్కదానికే తెలుసు.

ఆ వారంలోనే బ్లౌజులు కుట్టే కాత్యాయని వంతు వచ్చింది. నన్ను మెడలో వేసుకుని వరండాలో మిషను తొక్కుతోంది. ఎదురింట్లో నీలవేణి ఒక్కతే ఉంది, నిండు చూలాలు. కాత్యాయని దారం తెంపడానికి తలెత్తేసరికి, భుజాన సంచీ ఉన్న మనిషెవడో ఆ ఇంటి ప్రహరీ ఎక్కుతున్నాడు. సంచీలోంచి రెంచీ ఒకటి బయటికి కనిపిస్తోంది. ఆమె నన్ను నోట పెట్టుకుని ఊపిరంతా ఊదింది.

తుస్సుమన్నాను. మళ్లీ ఊదింది, మళ్లీ అంతే. గోడ మీది మనిషి ఒక్క క్షణం ఇటు చూసి లోపలికి దూకేశాడు. అరిచినా హాలు దాకా వినపడదు. కత్తెర పట్టుకుని రోడ్డు దాటింది. గేటుకు లోపలి నుంచి గొళ్లెం. అంతలో ఆ గొళ్లెం తీసిందీ అతనే.

"అమ్మా, బేగా రండి. పెరట్లో జారి పడిపోయారండి. ఆటో పిలవండి," అన్నాడు.

బట్టలుతికే బండ పక్కన నీలవేణి మూలుగుతోంది. మిషను చప్పుడులో ఆ మూలుగు కాత్యాయనికి వినపడలేదు. వీధిలో పోతున్న అతనికి వినపడింది. ఇద్దరూ కలిసి ఆమెను ఆసుపత్రికి చేర్చారు. తల్లీ బిడ్డా దక్కారు.

అతను గ్యాసు పొయ్యిలు బాగుచేసే అప్పలకొండ. ఆసుపత్రి మెట్ల మీద కాత్యాయని అతని ముందు తలెత్తలేకపోయింది.

"నిన్ను దొంగవనుకుని ఈల ఊదాను బాబూ. అది పలకలేదు కాబట్టి సరిపోయింది."

"ఎరుగుదునండి. మీ కాలనీ కర్రల సంగతి అందరికీ తెల్సిందే కదండీ. గోడ మీదుండగానే మీ నోట్లో ఈల చూసేనండి."

"చూసి కూడా దూకావా?"

"లోపల ఆవిడ మూలుగుతున్నారు కదండీ," అన్నాడతను.

కాత్యాయని ఆ సాయంత్రమే పిన్నీసుతో నా నోట్లో గంధమంతా గీకి తీసింది. ఊది చూసింది, నేను ఖంగుమని పలికాను. హాల్లోంచి పట్టాభిరామయ్య గారి జట్టు కర్రలతో పరుగెత్తుకొచ్చింది. "ఏడీ, ఎక్కడ?" అన్నారాయన ఆయాసపడుతూ.

ఆ కర్రల వంక చూస్తూ ఆమె నన్ను గుప్పిట్లో గట్టిగా మూసేసింది.