ఆఖరి కోటు

"నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా? సాయంత్రం ర్యాంపెక్కాలి, మడత కనబడకూడదు" అని బాత్రూంలోంచి భర్త కేకేసే సరికి ఆమె చేతిలో ఇస్త్రీ పెట్టె ఆ చొక్కా కాలరు మీదే ఉంది.

"అవుతోందండీ" అంది.

బట్టల డిజైనరు ఆమె, ర్యాంపెక్కేది ఆయన. వినేవాళ్లకి విడ్డూరం కానీ ఆ ఇంట్లో ఎవరికీ కాదు. ఫ్యాషన్ షో చివర, ఆఖరి జత వేసుకున్న మోడల్ చెయ్యి పట్టుకుని డిజైనరు జనం ముందుకొచ్చి దండం పెట్టడం ఆనవాయితీ. మొదటి షో నాడు సరిగ్గా ఆ వేళకి తెర వెనక ఆమె ఒళ్లో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. "నువ్వు పిల్ల సంగతి చూడు, నేను వెళ్లొస్తా" అన్నాడాయన. వెళ్లాడు, చప్పట్లు కొట్టించుకున్నాడు, వచ్చాడు. ఆ పిల్ల పాలు మానింది, నడిచింది, బడికి కూడా పోతోంది, ఆయన మాత్రం ఇంకా వెళ్లొస్తూనే ఉన్నాడు. "మా ఆవిడకి సిగ్గండీ" అని విలేకరులకి చెబుతాడు. తను ఎప్పుడు సిగ్గుపడిందో ఆమెకే గుర్తులేదు. అత్తగారిది ఇంకో వరస. "వాడు పొడగరి, స్టేజీకి నిండుగా ఉంటాడు. నువ్వెళితే మైకు వెనకాల కనబడి చస్తావుటే?" అంటుంది. నవ్వుతూనే అంటుంది. నవ్వుతూ అన్నవాటికి జవాబు చెప్పడమే కష్టం.

ఇదంతా విని ఆమె మూలన కూచుని కుమిలిపోతోందనుకునేరు! అదేం లేదు. ఆ పనంటే ఆమెకి ప్రాణం. గుడ్డ మీద కత్తెర నడుస్తుంటే ఆకలి కూడా మరిచిపోతుంది. ఈసారివి వానాకాలం బట్టలు. ఈ సీజన్ ట్రెండ్ ఏమిటని అడిగితే పెద్ద పెద్ద మాటలు ఆమెకి రావు. వాన పడగానే మేడ మీద ఆరేసిన బట్టలు తియ్యడానికి పరిగెత్తిన ప్రతిసారీ అంచు తడిసి కాళ్లకి చుట్టుకునేది, అందుకని అంచు జానెడు పైకి జరిపింది. గిన్నెలు తోముతుంటే మడిచిన చొక్కా చేతులు జారి సబ్బు నీళ్లలో పడేవి, అందుకని మోచేతి దగ్గర ఓ గుండీ పెట్టింది. తాళాలూ ఫోనూ కూరల చీటీ అన్నీ పట్టేలా లోతు జేబులు పెట్టింది. రంగులంటారా, తడిమట్టి, నాచు, టీ మరక.

"ఈ బురద రంగు ఎవరు కొంటారే?" అన్నాడు భర్త.

"బురదలో నడిచేవాళ్లు కొంటారండీ."

తీరా షాపులవాళ్లు ముందుగా వచ్చి చూసి, మాక్కావాలంటే మాక్కావాలని ఎగబడ్డారు. అప్పుడాయన కాలు మీద కాలేసుకుని పత్రికవాళ్లకి చెప్పాడు: "ఆడవాళ్ల రోజువారీ జీవితం మీద చాలా పరిశోధన చేశాం." చేశాం! ఆమె మేడ మెట్లు ఎక్కి దిగుతూ ఆ పరిశోధన చేస్తున్నప్పుడు ఈయన సోఫాలో పడుకుని టీ ఏమైందని అడుగుతున్నాడు. ఆ ఒక్క మాట దగ్గర ఆమెకి కడుపు రగిలిపోయింది. తెర వెనక నుంచి వింటే చప్పట్లు పక్కింటి పెళ్లి సందడిలా ఉంటాయి. ఒక్కసారి ఎదురుగా నిలబడి వినాలని ఆమెకి ఉంది. ఉందంటే ఉంది, అంతే, దానికి సంజాయిషీ ఏమిటి? అడగకపోలేదు, పోయిన సీజన్‌లోనే అడిగింది. "నేనెప్పుడైనా వద్దన్నానా? కానీ జనానికి నేను అలవాటైపోయానే" అన్నాడు, ఎంతో ప్రేమగా. అంత ప్రేమగా చెబితే పోట్లాడేదెలా? అందుకని పోట్లాడలేదు. షో చివర్లో వచ్చే ఆఖరి కోటు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తనే కత్తిరించి, తనే కుట్టింది.

మధ్యాహ్నం హాల్లో తెర వెనక ఒకటే హడావుడి. హ్యాంగర్ల వరసలు, అద్దాలు, నేల నిండా పిన్నులు. కొడుకు ర్యాంపెక్కడం చూడాలని వచ్చిన అత్తగారు కుర్చీ వేయించుకుని మధ్యలో కూచుంది. అందరూ నిచ్చెన అని ఏడిపించే పొడుగు మోడల్ ఆఖరి కోటు తొడుక్కుంది. ర్యాంపు బట్టలన్నీ ఒకే కొలతకి కుడతారు. అది నిచ్చెనలాంటి అమ్మాయిల కొలత. ఏళ్ల తరబడి ఆ కొలతకే కత్తిరించడం వల్ల తను కుట్టినవేవీ ఆమెకి పట్టవు. ఎప్పుడు షోకొచ్చినా ఏదో ఓ వదులు గౌనులోనే వస్తుంది.

ఈ కోటు నిచ్చెన భుజాల మీంచి జారింది. నడుం దగ్గర ఇంకో మనిషి దూరేంత చోటుంది. చేతులు మణికట్టు దాకా రానే లేదు.

"అక్కా, ఇది నాది కాదేమో" అంది నిచ్చెన.

"అయ్యో, ఇంత చెయ్యి తిరిగినదానివి, ఇదేం కుట్టుడే!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

భర్త ముఖం పాలిపోయింది. "కొలతలు తప్పావా? ఇవాళే తప్పాలా? పిన్నులు పెట్టు, బెల్టు కట్టు, ఏదో ఒకటి చెయ్యి! దీని పక్కన నేను నిలబడాలి."

ఆమె పిన్నుల జోలికి పోలేదు. నిచ్చెన ఒంటి మీంచి కోటు తీసి, అద్దం ముందుకెళ్లి, తనే తొడుక్కుంది. భుజాలు భుజాల మీద కూచున్నాయి. బిడ్డని కన్న నడుం మీద గుండీలు లాగకుండా పడ్డాయి. అద్దంలో తనని చూసుకుని ఆమెకి నవ్వొచ్చింది. ఎంత బాగుందో! నిచ్చెన గబగబా వచ్చి వెనక కాలరు సర్దింది.

"అంటే... కొలతలు తప్పలేదా?" అన్నాడు భర్త.

"లేదండీ. అవి నా కొలతలు."

అత్తగారు కోడలిని ఎగాదిగా చూసింది. కొడుకు వంక చూసింది.

"మరి వాడో?" అంది.

ఆమె ఆఖరి గుండీ పెట్టుకుని భర్త వైపు తిరిగింది. "మీకు ముందు వరసలో కుర్చీ వేయించానండీ. గట్టిగా కొట్టండి చప్పట్లు, నాకు వినబడాలి."