ఎముక పొడి

త్రివేణి పంచలో కూర్చొని పచ్చడికి శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. పై పెదవి ఇంకా ఉబ్బే ఉంది. మొన్ననే కదిరిలో ముందు పన్ను పీకి, ఆ గుంతలో ఎముక పొడి నింపి కుట్లు వేశారు. కుట్లు కదలకూడదనీ, గట్టిగా పుక్కిలించకూడదనీ డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. ఆ పొడి దవడలో కలిసి గట్టిపడితేనే స్క్రూ నిలుస్తుంది, స్క్రూ నిలిస్తేనే కొత్త పన్ను.

చిన్నప్పుడే విరిగి నల్లబడిన పన్ను అది. పెళ్లి ఫొటోల్లో కూడా ఆమె నోరు తెరవలేదు. భర్త దివాకర్ "ఏమే నల్లపన్నూ" అని పిలిస్తే అంగట్లో కూలీలు కూడా నవ్వేవాళ్లు.

వాళ్లకు నల్లమాడలో ఎరువుల అంగడి. ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. దివాకర్ అన్నానికి వచ్చాడు. పొద్దున త్రివేణి తనొక్కడికే చెప్పిన మాటను పప్పులో నెయ్యి కలుపుకుంటూ బయటపెట్టాడు.

"అమ్మా, నీ కోడలి నోట్లో గొడ్డు ఎముక ఉండాది, తెలుసునా?"

వడ్డిస్తున్న సుశీలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నిజమేనా?"

"శుద్ధి చేసిన పొడి అత్తా. మందు మాదిరే," అంది త్రివేణి.

"ఆ నోటితోనే నిన్న దేవునికి హారతి పాడితివా?"

"చీనీ, నిమ్మ తోటలకు మన అంగట్లో అమ్మేదీ ఎముకల పొడే కదత్తా."

"అది అంగట్లో ఉండాది. నా వంటింట్లో లేదు."

"కూరగాయలకు ఎముకలుండవు కదమ్మా, డాక్టర్లేం చేస్తారు పాపం!" అని దివాకర్ నవ్వాడు.

సుశీలమ్మ నవ్వలేదు. ఉప్పునీళ్లు కాచి తెచ్చింది. మీసాలు కత్తిరించుకునే కత్తెర కొడుకు చేతిలో పెట్టింది.

"కుట్లు విప్పు. లేదంటే ఈ యమ్మ ముట్టుకున్న నీళ్లు గూడా నేను తాగను."

త్రివేణి అతని మణికట్టు పట్టుకుంది. "వద్దండీ. పొడి పోతే పన్ను నిలవదు."

"నల్లపన్ను పోయింది గదా, చాల్లే," అని అతను ఫోన్ లైటు వేశాడు.

సుశీలమ్మ కోడలి గడ్డం గట్టిగా పట్టుకుంది. కత్తెర చప్పుడు త్రివేణికి తలలోపల వినిపించింది. పుక్కిలిస్తే మొదట నెత్తురే వచ్చింది.

"ఇంకా గట్టిగా," అంది అత్త.

ఈసారి తెల్లటి పలుకులు, రవ్వంతవి, నెత్తురుతో పాటు బేసిన్‌లో పడ్డాయి. సుశీలమ్మ వంగి, పుల్లతో కెలికి చూసింది. "ఇంకా ఉండాదేమో. మళ్లీ."

పలుకులు రావడం ఆగేదాకా పుక్కిలింపించింది. "ఇంక పో. తలకు పోసుకొని దీపం పెట్టు."

దివాకర్ చెయ్యి కడుక్కొని మళ్లీ పీట మీద కూర్చున్నాడు. "మజ్జిగ పొయ్యమ్మా."

త్రివేణి నోటికి తువ్వాలు అదుముకొని చెప్పులు వేసుకుంది.

"యాడికే?" అంది సుశీలమ్మ.

త్రివేణి గడప దాటి కదిరి బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.