పొడుగు తాత తల

ఫోను గలగలకు వచ్చింది, టైపు టీచరుకు కాదు. టీచరుకు తగిలిన మొదటి దెబ్బ అదే.

గలగల ఆవిడ ఆడపడుచు. నోరు మూతపడదని చిన్నప్పుడు అన్న పెట్టిన పేరది. పార్లరు బోర్డు మీద కూడా అదే రాయించుకుంది. ఆ రోజు ఎవరిదో జుట్టు సగం కత్తిరించి, కుర్చీలోనే కూర్చోబెట్టేసి, వీధి చివరి వదిన ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"వదినా! కలిసిందట! నాదీ తాతదీ ఒకటే రక్తమట! తాతని ఇచ్చేస్తారట!"

టీచరు పొయ్యి మీది పాలు చూస్తూ ఉండిపోయింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి.

గలగల తాతకు తండ్రిని ఇంట్లో అందరూ పొడుగు తాత అనేవారు. పరాయి దొరల కాలంలో ఉప్పు మడుల్లో కూలీలను కూడగట్టి పని ఆపించాడని ఆయన్ను ఉరి తీశారు. వాళ్ళ డాక్టరొకడు కొలతలు తీసుకోవాలంటూ తలను సముద్రం దాటించాడు. ఇంటివాళ్ళకు దక్కింది మొండెం. దాన్నే పూడ్చుకుని ఏడ్చారు.

ఆ తల ఫలానా దేశంలో, ఫలానా మ్యూజియంలో ఉందని కనిపెట్టినవాడు టీచరు భర్త. గడియారాలు బాగుచేసే మనిషి. పెళ్ళయిన నాటి నుంచి మొగుడూ పెళ్ళాలకు అదే లోకం. ఆయన చెబితే ఆవిడ టైపు చేసేది. ఏ ఆఫీసుకు వెళ్ళినా ఆయన ముందు, కాగితాల సంచీతో ఆవిడ వెనక. పిల్లలు లేరు. తీరా మ్యూజియం వాళ్ళు మెత్తబడి, పరీక్షకు రక్తసంబంధీకులు కావాలని అడిగేసరికి ఆయన గుండెపోటుతో పోయి ఏడాది దాటింది. ఇక మిగిలింది చెల్లెలు. గలగల నోట్లో ఒక దూదిపుల్ల తిప్పి ఇచ్చింది. ఇన్నేళ్ళకూ ఆవిడ చేసిన పని అదొక్కటే.

సొమ్మొకడిది, సోకొకడిది అనుకుంది టీచరు, పొయ్యి తుడుస్తూ.

ఆహ్వానం కూడా గలగల పేరు మీదే వచ్చింది. కుటుంబ ప్రతినిధి, ఆమెకు తోడుగా ఒకరు.

"నువ్వు రాకపోతే నేనెళ్ళను. విమానమంటే నాకు చచ్చే భయం," అంది గలగల.

తోడు! టీచరుకు ఒళ్ళు మండింది. అయినా పెట్టె సర్దుకుంది.

విమానం లేచేటప్పుడు కళ్ళు మూసుకుని వదిన చెయ్యి నలిపేసిన గలగల, దిగేసరికి ముందు వరుసకూ వెనక వరుసకూ చుట్టమైపోయింది. ఎవరిదో పసిపిల్ల ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది. భాష రాకపోతేనేం, మనుషులు ఆవిడ దగ్గరికి అలా వచ్చేస్తారు. టీచరు పక్కన ఎవరూ ఊరికే కూర్చోరు.

మ్యూజియంలో ఎముకల విభాగం వెనకవైపు ఉంది. నున్నటి నేల, మందు వాసన, వరసగా బూడిదరంగు తలుపులు. అధికారిణి ఏదో చెప్పింది. దుబాసీగా వచ్చిన పెద్దావిడ నసుగుతూ అందుకుంది. "లోపలికి రక్తసంబంధీకులనే పంపుతారమ్మా. అది ఇక్కడి నియమం. మీరు..."

"నేను ఆయన మనవడి కొడుకు భార్యని. ఈ ఉత్తరాలన్నీ రాసింది నేనే."

దుబాసీ చెప్పింది. అధికారిణి గౌరవంగానే తలూపి, బయట ఉన్న బల్ల చూపించింది.

తలుపు మూసుకుంది. కాసేపటికి లోపలి నుంచి గలగల ఏడుపు వినబడింది, పెద్దగా, దాపరికం లేకుండా. టీచరు గోడకేసి చూస్తూ కూర్చుంది. భర్త పోయిన రోజు కూడా ఇంతే. అందరూ చెల్లెల్నే పట్టుకుని ఓదార్చారు. తనకు ఏడుపు పైకి రాదు.

గలగల ముక్కు తుడుచుకుంటూ బయటికొచ్చి వదిన భుజం మీద వాలిపోయింది.

"పళ్ళు వదినా! కోరపన్ను మీద ఇంకో పన్ను ఎక్కి ఉంది. అచ్చం అన్నయ్య పళ్ళే!"

టీచరు భుజం పక్కకు తీసుకుంది. ఫొటో పంపమని మొగుడూ తానూ ఎన్నిసార్లు బతిమాలినా మ్యూజియం వాళ్ళు కుదరదన్నారు. తాను ముద్దు పెట్టుకున్న పన్ను లాంటిదే ఆ పన్ను, దాన్ని ఈ పిల్ల చూసింది. తాను చూడలేదు.

అప్పుడే వచ్చిన పత్రిక విలేకరి, ఏడుస్తున్న గలగలను ఫొటో తీసుకున్నాడు. గలగల మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. దొరికింది టీచరు.

"మీ కుటుంబమంతా కలిసి పోరాడారా?" అని అడిగించాడు.

"కుటుంబమా! ఆవిడకి ఈ ఊసెత్తితేనే నవ్వు. 'చచ్చినవాడి పుర్రె కోసం బతికున్నవాళ్ళు చస్తున్నారు' అనేది. ఇవాళ ఏడుస్తోంది, చూశారుగా."

దుబాసీ ఒక్క క్షణం ఆగి, ఆ మాట అటు చేరవేసింది. టీచరుకు గుండెల్లో చల్లబడింది. ఆ చల్లదనం హోటలు చేరేదాకా కూడా నిలవలేదు.

మర్నాడు పొద్దున టిఫిను బల్ల మీద పత్రిక ఉంది. గలగల ఏడుస్తున్న ఫొటో, దాని కింద టీచరు మాట. దుబాసీ దాచబోయింది కానీ గలగల ఊరుకోలేదు, చదివించుకుంది. చదివించుకుని నోరు మూసేసింది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం టీచరు ఎన్నడూ ఎరగదు.

"అన్నాను కదా. అబద్ధం రాయలేదు," అంది గలగల చివరికి. "ఎందుకన్నానో కూడా చెప్పాల్సింది."

"ఎందుకన్నావు?"

"కుళ్ళు వదినా. నా పెళ్ళికి అన్నయ్య సరిగ్గా ముహూర్తానికొచ్చి, సాయంత్రానికే ఏదో ఆఫీసుకని పోయాడు. పెద్దవాడు పుట్టినప్పుడు అసలు రాలేదు. మీ ఇంటికొస్తే ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని తాత, తాత, తాత. ఒక్కసారైనా 'నువ్వూ కూర్చోవే' అన్నారా? అమ్మా నాన్నా పోయాక నాకున్నది వాడొక్కడే. వాణ్ణి నువ్వు సగం తీసుకున్నావు, మిగతా సగం ఆ పుర్రె తీసుకుంది."

టీచరు చెంచా కింద పెట్టింది. గలగల వచ్చినప్పుడల్లా తాను కాగితాల మీంచి తలెత్తకుండా "స్టవ్ మీద టీ ఉంది, పోసుకో" అనడం గుర్తొచ్చింది.

అప్పగింత మధ్యాహ్నం. పెట్టెకు సీలు వేసేముందు గలగల సంతకం చెయ్యాలి. కలం చేతిలోకి తీసుకుని ఆగింది.

"మా వదిన చూడాలి. చూస్తేనే సంతకం."

అధికారిణి నియమం సంగతి ఎత్తింది. గలగల కలం బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది. గదినిండా పెద్దమనుషులు, బయట కెమెరాలు. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. చివరికి తలుపు తీశారు.

"నీ మీద ప్రేమతో కాదు," అంది గలగల చెవిలో. "చూడకపోతే ఇక జన్మంతా నన్ను సాధిస్తావు. వెళ్ళు."

తెల్లటి గుడ్డ మీద ఉంది తల. నుదుటి మీద నల్ల సిరాతో అంకెలు. టీచరు వంగి చూసింది. పన్ను మీద పన్ను. చూస్తున్నకొద్దీ గుర్తొచ్చింది భర్త నవ్వు కాదు. గలగల నవ్వు. పెళ్ళికి ముందు పంటికి తీగలు కట్టించుకునేదాకా గలగలదీ అదే పలువరస. ఆ సంగతే మర్చిపోయింది. అసలెప్పుడు చూసింది గనుక!

ఏడుపు అప్పుడు వచ్చింది, అందరి ముందూ, ముక్కు కారేలా. గలగల ఓదార్చలేదు. పక్కన నిలబడి చేతిరుమాలు మాత్రం ఇచ్చింది.

పెట్టెను గలగలే మోసింది. ఒక్క అడుగు కూడా వదినకు ఇవ్వలేదు. కెమెరాలకు చెప్పిన మాటల్లో అన్నయ్య ఉన్నాడు, తాత ఉన్నాడు, వదిన లేదు. టీచరుకు మళ్ళీ భగ్గుమంది. కానీ విమానం లేచేటప్పుడు గలగల భయంతో చెయ్యి చాపితే, తన చెయ్యి తానే ఇచ్చింది.

తలను మొండెం దగ్గర పూడ్చారు. ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చారు. వెనక నుంచి ఒక ముసలాయన "ఆ సన్నగా ఉన్నావిడెవరే?" అంటే, గలగల అందరికీ వినబడేలా చెప్పింది: "మా వదిన, పెదనాన్నా. పరాయి దేశం పత్రికలో నా పరువు తీసిందే, ఆవిడే. తాత జాడ పట్టుకున్నదీ ఆవిడే, మా అన్నయ్యానూ." జనం నవ్వారు. టీచరు తలదించుకుంది, సిగ్గుతో సగం, ఆ రెండో మాట ఇంకాస్త ముందు చెప్పొచ్చుగా అని సగం.

సమాధి రాయి మాత్రం ఇంకా పడలేదు. టీచరేమో తాత అసలు పేరు, ఉరి తీసిన తేదీ, తల వెనక్కి వచ్చిన తేదీ చెక్కించాలంటుంది. గలగల 'పొడుగు తాత' అని ఉంటే చాలంటుంది. వారం వారం ఇద్దరూ రాళ్ళు చెక్కేవాడి దగ్గరికి వెళ్ళి, పోట్లాడుకుని, ఒకే ఆటోలో తిరిగొస్తారు.