ఎవరికీ అక్కరలేని కట్టె

గేటు మనిషి ఉద్యోగం చూడ్డానికి తేలిక. లారీ వచ్చి ఆగితే, లోడెక్కి ఇనుమూ ప్లాస్టిక్కూ లేవని చూసుకోవాలి. తర్వాత డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగాలి: "ఈ కట్టె ఇంకెవరికైనా పనికొస్తుందా?" రాదంటే అడ్డుగొట్టం ఎత్తాలి. వస్తుందంటే లారీని వెనక్కి పంపాలి. ఆయన ఉద్యోగంలో చేరినప్పటినుంచీ వస్తుందన్న డ్రైవరు ఒక్కడూ లేడు.

గేటుకు అవతల పెద్ద గొయ్యి. అడుగునా పక్కలకీ బంకమన్ను మెత్తి, అందులో పనికిరాని కట్టె పేర్చి, పైన మళ్లీ బంకమన్ను దట్టంగా కప్పేస్తారు. గాలీ నీరూ చొరబడకపోతే కట్టె కుళ్లదు. కుళ్లకపోతే, చెట్టు బతికినన్నాళ్లూ గాలిలోంచి లాక్కున్న కార్బన్ మళ్లీ గాలిలో కలవదు. ఇంజనీరమ్మ ఈ సంగతంతా మొదటిరోజే ఓపిగ్గా చెప్పింది. తెలిసిన సంగతే అయినా ఆయన ఇష్టంగా విన్నాడు. వీధిలోవాళ్లు మాత్రం "కట్టెలకి సమాధులు కట్టే కంపెనీ" అని ఆయన్ని ఆటపట్టించేవారు.

ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన అత్తగారూ. ఇల్లు ఆవిడదే. భార్య పోయాక, ఇక తనెక్కడ ఉండాలన్న మాట ఆయన ఎత్తలేకపోయాడు. దినాలు అయిన మర్నాడు పొద్దున్నే ఆవిడ ఎప్పటిలాగే ఆయన గ్లాసులో టీ పోసి పెట్టింది. ఆయన తాగాడు. ఆ మాట ఇక ఎత్తనక్కరలేకపోయింది.

అత్తగారిది నూలుకు రంగు వేసే పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు రాగి కాగులు. వాటి కింద మంట పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకే తీరుగా ఉండాలి. కోత మిల్లులో దుంగల పైపొర చెక్కేస్తే వచ్చే బద్దలే ఆవిడ వంటచెరకు. అడ్డం తొలిగితే చాలని మిల్లువాళ్లే ఆవిణ్ణి పిలిచి ఇచ్చేవారు. కిందటి కోతల కాలం నుంచి అవి ఆగిపోయాయి. ఎవరో లారీలకెత్తి తీసుకుపోతున్నారని మిల్లాయన చెప్పాడు.

ఎవరో ఆయనకు తెలుసు. ఆ లారీలు ఆగేది ఆయన గేటు ముందే. తనవాళ్ల కోసం లోడు వెనక్కి పంపాడంటారేమో, ఉద్యోగం ఊడుతుందేమో అన్న భయం. షెడ్డు చల్లబడ్డాక ఆ జీతంతోనే ఇల్లు గడుస్తోంది. అందుకని ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు, గొట్టం ఎత్తుతూనే ఉన్నాడు.

ఆ రోజు పొద్దున టీ వడపోస్తూ అత్తగారు, "రేపు పాత్రలాయన వస్తున్నాడు. కాగులు అమ్మేస్తున్నా" అంది.

"రెండూనా అత్తయ్యా?"

"ఒకటుంచుకుని ఏం చెయ్యను నాయనా? అందులో కూర్చుని స్నానం చెయ్యనా?"

ఆయన నవ్వబోయి ఆవిడ చేతులు చూశాడు. తన పెళ్లిచూపులనాడు కూడా ఆవిడ గోళ్లు రంగు పట్టి నీలంగానే ఉన్నాయి. ఇప్పుడా నీలం కొసలకు జరిగిపోయి, మొదళ్లలో తెల్లగా పెరుగుతోంది. కాగులు పోతే మళ్లీ కొనే స్తోమత ఆవిడకు లేదు. ఆ వయసులో ఆవిడకు ఇంకో పని ఎవరిస్తారు?

ఆయన గేటు దగ్గరికి చేరేసరికే మిల్లు లారీ నిలబడి ఉంది. ఆ డ్రైవర్ని అందరూ హారన్ అంటారు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

"గొట్టమెత్తన్నా. ఇంకో ట్రిప్పుంది."

ఆయన లోడెక్కి చూసి దిగాడు. "ఈ కట్టె ఇంకెవరికైనా పనికొస్తుందా?"

"రోజూ ఇదే పాటా? ఎవరికీ పనికిరాదు."

"వస్తుంది. మా అత్తగారికి."

హారన్ ఇంజన్ ఆపేశాడు. "ఇన్నాళ్లూ బెల్లం కొట్టిన రాయిలా ఉండి, ఇవాళ నోరొచ్చిందా?"

"ఆలస్యంగా వచ్చింది" అని ఒప్పుకుని, ఆయన ఇంజనీరమ్మకు ఫోన్ చేశాడు.

ఆమె బూట్లకు బంకమన్నుతోనే వచ్చింది. ఆయన ఏదీ దాచలేదు. అత్తగారి సంగతీ, తను వదిలేసిన లోడ్ల సంగతీ చెప్పాడు. ఆమె ముఖం గంటు పెట్టుకుంది.

"ఎవరికీ అక్కరలేని కట్టేనని నేను పైవాళ్లకి చెప్తున్నానండీ, మీ మాట నమ్మి." లోడులోంచి ఒక బద్ద లాగి చూస్తూ అడిగింది. "ఆవిడ మానేస్తే ఆ నూలు ఎక్కడ రంగేస్తారు?"

"బొగ్గు బాయిలరున్న పెద్ద షెడ్డులో మేడమ్."

"మనమిక్కడ కట్టె పూడ్చి, అక్కడ బొగ్గు తగలబెట్టిస్తున్నామన్నమాట. బాగుంది మన తెలివి." లారీ వైపు చూసింది. "వానలు పడేలోగా గొయ్యి మూసెయ్యాలి, లేకపోతే నీళ్లు దిగుతాయి. లోడంతా వెనక్కి పంపలేను. ఆవిణ్ణి రమ్మనండి, కావలసింది ఏరుకుంటారు. మీ సంగతి తర్వాత చూద్దాం."

తర్వాత అన్నందుకు ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

అత్తగారు కొంగు నడుముకు చుట్టి వచ్చింది. లోడు దింపించింది. ఒక్కో బద్దా చేత్తో తూచి, గోటితో గీరి, అటో ఇటో వేయసాగింది. "ఇది పచ్చిది, మండదు, ఏడుస్తుంది. ఇది పుచ్చు. ఇది పొగకి తప్ప దేనికీ రాదమ్మా, మీరే పూడ్చుకోండి." ఎండు బద్దల కుప్ప ఆవిడ మోకాలెత్తుకు వచ్చి ఆగింది. పక్కన గోతికి వెళ్లాల్సిన కుప్ప మనిషిని దాటిపోయింది.

"ఈ కాసినికా పిన్నిగారూ నా ట్రిప్పు చెడగొట్టారు?" అన్నాడు హారన్.

"లారీ మొత్తం మింగేస్తాననుకున్నావా? ఉన్నవి రెండు కాగులు. కబుర్లాపి ఆ చివర పట్టుకో."

హారన్ పట్టుకున్నాడు.

ఇంజనీరమ్మ పెద్ద కుప్ప చుట్టూ తిరిగి వచ్చి గేటు మనిషితో అంది. "గేటు దగ్గర అడిగితే ఎవరూ నిజం చెప్పరు. రేపటినుంచి మీరు ఇతనితో లారీలో తిరగండి. ప్రతి మిల్లు దగ్గరా దిగి, చుట్టుపక్కల ఇళ్లలో అడిగాకే లోడెత్తించండి. ఎండలో తిరుగుడు. అదే మీకు శిక్ష."

"శిక్ష ఆయనకా, నాకా?" అని గొణిగాడు హారన్.

సాయంత్రం షెడ్డులో బద్దలు పేర్చాక అత్తగారు గడప మీద కూలబడింది. ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడ్డాడు.

"అత్తయ్యా, ఆ లారీలు మా గేటుకే వస్తున్నాయని నాకు ముందునుంచీ..."

"తెలుసులే. నీ చొక్కాలు నానబెట్టేది నేనేగా. వాటికంటిన కట్టె జిగురు ఏ మిల్లుదో నాకు తెలీదూ?"

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు గొట్టం దించేసి కూర్చుంటావు. ఉద్యోగం పోతే ఏం తింటాం?" ఆవిడ గ్లాసు ఖాళీ చేసి ఆయన చేతికిచ్చింది. "ముందా పాత్రలాయనకి ఫోన్ చెయ్యి. నేను చేస్తే ఇంకో నాలుగు డబ్బులు కలుపుతానని బతిమాలతాడు, నాకు మొహమాటం."

ఆయన ఫోన్ తీశాడు. రేపు రానక్కర్లేదని చెబుతుంటే, వెనక షెడ్డులో ఆవిడ కాగు లోపల చెయ్యి పెట్టి పేరుకున్న దుమ్ము తుడుస్తోంది.