నాలుగు గుంటల తాటిచెక్క

నన్ను మొదటిసారి చూసినవాళ్ళు క్రికెట్ బ్యాటు అనుకుంటారు. ఒకాయన బట్టలుతికే కర్ర అన్నాడు. నాకేమీ కోపం రాలేదు, ఆయన అప్పటికే రెండో గ్లాసులో ఉన్నాడు. నేను ఒక తాటిచెక్క పలకను. నల్లటి ఒళ్ళు, మధ్యమధ్య పసుపు చారలు, ఒక చివర పిడి, పిడి నుంచి కొన దాకా వరసగా నాలుగు గుండ్రటి గుంటలు. ఆ గుంటల్లో నాలుగు బుల్లి గాజు గ్లాసులు కూర్చుంటాయి. హైదరాబాదులో బీరును అక్కడికక్కడే కాచి, పులియబెట్టి, పోసే ఒక బ్రూవరీలో ఉంటాను. ఏది తాగాలో తేల్చుకోలేనివాళ్ళకు నాలుగు రకాలు తలా నాలుగు గుక్కలు రుచి చూపించడం నా ఉద్యోగం. మనుషులు తేల్చుకోలేకపోవడం మీద బతికే ఉద్యోగాలు లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో నాది కాస్త చల్లనిది.

అంతకు ముందు నేను జనగామ దిక్కున ఒక చెలకగట్టు మీద చెట్టుని. భిక్షపతి గౌడ్ అనే ఆయన రోజూ మోకు వేసుకుని నా మీదికి ఎక్కేవాడు. సన్నగా గీసి, కింద లొట్టి కుండ కట్టి దిగేవాడు. మర్నాడు పొద్దున ఆ లొట్టిలో తెల్లటి నురగ తనంతట తానే పొంగుతుండేది. ఎవరూ పొయ్యి వెలిగించలేదు, ఎవరూ ఏమీ కలపలేదు. నా ఒంట్లో నీళ్ళు తియ్యగా ఉండేవని నాకు తెలుసు. అవి రాత్రికి రాత్రి పులిసి, చిటపటలాడుతూ, మనుషుల చేత పాటలు పాడించేంతగా ఎలా మారేవో మాత్రం నాకు అంతుపట్టేది కాదు. ఇప్పటికీ పట్టలేదు. తెలియనిది తెలియనట్టే ఇంత అందంగా ఉండటం మొదట అక్కడే చూశాను.

భిక్షపతి ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గీత కత్తి చాలా పదును. అది ఎవరికి అందించినా పిడి వాళ్ళ వైపు, అంచు తన వైపు పెట్టి ఇవ్వాలి. పెద్దవాళ్ళకైతే ఇక చెప్పక్కర్లేదు. "అవతలోని చేతిల పిడి పెట్టాలె బిడ్డా, అంచు పెట్టొద్దు" అని కొడుక్కి చిన్నప్పుడే నేర్పాడు. ఆ పిల్లవాడు కత్తితో ఆగలేదు. గరిటె, గొడుగు, పార, టార్చిలైటు, ఏదైనా పిడి అవతలివాళ్ళకే ఇచ్చేవాడు. వాడి పేరు శశాంక్.

ఒక వానాకాలం నా తల మీద పిడుగు పడింది. మొండెం కోసి పశువుల కొట్టానికి దూలం చేశారు. చాలా ఏళ్ళు మేకల కబుర్లు విన్నాను. తర్వాత కొట్టం తీసేసి స్లాబు వేశారు. నన్ను గోడవారన పడేశారు, వంటచెరుకుకు. తాటిదూలం అంత తేలిగ్గా చీలదు కాబట్టి బతికిపోయాను.

నన్ను గుర్తుపట్టింది చైత్ర. శశాంక్‌ని పెళ్ళి చేసుకుని మొదటిసారి అత్తవారింటికి వచ్చిన విజయవాడ అమ్మాయి. హైదరాబాదు బ్రూవరీలో బీరు తయారుచేసేది ఆమే. ఆ సంగతి విన్నప్పుడు భిక్షపతి చాలాసేపు నవ్వాడు.

"మేము చెట్టెక్కి తీస్తే కల్లు. నువ్వు ఇంజనీరింగు చదివి తీస్తే బీరు. రెండు ఒక్కటే కులం."

"నేను మీలా అంత ఎత్తు ఎక్కలేను మామయ్యా. ట్యాంకు నిచ్చెనకి ఆరు మెట్లే."

చైత్ర నా ఒంటి మీద దుమ్ము తుడిచి, పసుపు చారల మీద వేలితో గీసింది. ఆమెకి ఏం కావాలో శశాంక్ అడగలేదు. మర్నాడే నన్ను వడ్రంగి దగ్గరికి మోసుకెళ్ళాడు. వడ్రంగి రంపం పళ్ళు రెండు పోయాయని సాయంత్రం దాకా తిట్టాడు. చివరికి నన్ను చెక్కి, గుంటలు తొలిచి, అవిసె నూనె పట్టించాడు. పెళ్ళి కానుకగా చైత్రకి ఎవరో ఇచ్చిన వెండి పళ్ళెం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నన్ను మాత్రం ఆమె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

బ్రూవరీలో నా మీద మొదటిసారి నాలుగు గ్లాసులు నిండిన పూట నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది, కళ్ళు లేకపోయినా. మొదట చల్లదనం. గాజు మీద పట్టిన చెమట జారి నా గుంటల్లో చేరింది. ఆ తర్వాత చప్పుడు. నురగ చల్లారుతున్నప్పుడు చాలా చిన్నగా, దూరంగా ఎక్కడో వాన మొదలైనట్టు చప్పుడు చేస్తుంది. చెవి దగ్గర పెడితేనే మనుషులకు వినిపిస్తుంది. నాకు ఒళ్ళంతా వినిపించింది. కిటికీలోంచి ఎండ పడి ఒక గ్లాసు గడ్డిరంగు, ఒకటి తేనె, ఒకటి ఇటుక, చివరిది నలుపు. అన్నీ నీళ్ళూ గింజలే. గింజని తడిపి, మొలకెత్తనిచ్చి, ఎండబెట్టి, వేయించి, ఉడికిస్తే ఇన్ని రంగులు. ఇది కనిపెట్టిన మనుషులే లిఫ్టు బటను వెలుగుతున్నా మళ్ళీ మళ్ళీ నొక్కుతారంటే నమ్మబుద్ధి కాదు.

నన్ను బల్ల మీద పెట్టడానికి ఒక క్రమం ఉంది. వడ్డించేవాళ్ళు పిడి తమ చేతిలోనే ఉంచుకుని కొనని తాగేవాళ్ళ వైపు జరపాలి. అప్పుడు వాళ్ళకు దగ్గరగా పలచటి బీరు ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి ఒక్కొక్కటే ముదురుతూ పిడి దాకా వస్తారు. మొదటి గుంటలో జొన్న, తర్వాత గోధుమ, తర్వాత హాప్స్ అనే చేదుమొగ్గలు దట్టించిన ఎర్ర బీరు, ఆఖరున అరకు కాఫీ కలిపిన నల్ల బీరు. కాఫీ బీరు నోటికి తగిలాక ఇంకేదీ కొంతసేపు నోటికి ఆనదు. అందుకే అది అందరికంటే చివర.

ఆ జొన్న బీరు చైత్ర ప్రాణం. బార్లీ తగ్గించి జొన్నలతో చేసింది. జొన్నతో నురగ నిలవదు అన్నారు, నిలబెట్టింది. పులుపొస్తుంది అన్నారు, రాకుండా చూసుకుంది. దాన్ని తాగితే ముందు ఏమీ ఉండదు. మింగబోయే ముందు, పెనం మీద జొన్నరొట్టె కాలుతున్నప్పటి వాసన ఒక్క క్షణం వచ్చి వెళ్ళిపోతుంది. అంతే. ఆ ఒక్క క్షణం కోసం ఆమె వేసవి మొత్తం ట్యాంకు చుట్టూ తిరిగింది. పెళ్ళి చూపులప్పుడు కూడా ఫోనులో దాని ఉష్ణోగ్రత చూసుకుందని శశాంక్ అందరికీ చెప్పి మురిసిపోతుంటాడు.

చిన్న ట్యాంకు ఒకటే ఖాళీగా ఉంది. ప్రయోగంగా చేసిన ఈ నాలుగింటిలో దేనికి ఆ ట్యాంకు ఇవ్వాలో బ్రూవరీ యజమాని ఇందుమతి గారు తేల్చాలి. ఆమె ఎంచినది ఏడాదంతా ఉంటుంది. మిగిలినవి ఉన్నంతవరకే, అయిపోతే మళ్ళీ కాచేది లేదు.

ఇందుమతి గారిది గుంటూరు. డెబ్బై దాటాయి. జీవితమంతా పచ్చళ్ళ వ్యాపారం. జాడీ మూత తీసి నాలుక చివర అంటించుకుంటే ఉప్పు ఎంత తక్కువైందో చెప్పేవారు. బ్రూవరీ పెట్టినా బీరు గొంతు దిగనివ్వరు. నోట్లో తిప్పి, పక్కనున్న స్టీలు గ్లాసులో ఉమ్మేస్తారు. ఒకసారి రుచి చూసినదాన్ని ఆ రోజుకి మళ్ళీ ముట్టరు. "రెండోసారి నాలుక పని చెయ్యదు, జ్ఞాపకం పని చేస్తుంది" అంటారు. తయారుచేసినవాళ్ళు ఎదురుగా నిలబడకూడదు. ఏది ఏమిటో ఎవరూ చెప్పకూడదు.

ఆ రోజు పదకొండింటికి వడ్డించే కుర్రాళ్ళు ఇంకా రాలేదు. బ్యాంకుకు సెలవు పెట్టి వచ్చిన శశాంక్ "నేను పెడతా" అన్నాడు. చైత్ర గ్లాసులు వరసలో నింపి, నన్ను అతని చేతికిచ్చి, ట్యాంకుల గదిలోకి వెళ్ళి అద్దం వెనక నిలబడింది.

శశాంక్ నన్ను మోసుకొచ్చిన తీరు చూస్తే గుడిలో హారతి పళ్ళెం గుర్తొచ్చింది. ఇందుమతి గారి ముందు కొంచెం వంగాడు. ఆమె పెద్దావిడ. తన భార్య వేసవంతా పడ్డ కష్టం ఆమె నాలుక మీద ఉంది. ఎంత మర్యాద ఉందో అంతా చేతుల్లోకి తెచ్చుకుని, నన్ను సగం తిప్పి, పిడి ఆమె వైపు పెట్టాడు.

నాకు నోరుంటే అప్పుడే కేక వేసేదాన్ని.

ఇందుమతి గారు దగ్గరగా ఉన్న గ్లాసు తీసుకున్నారు. నల్ల కాఫీ బీరు. నోట్లో తిప్పి, కళ్ళు పెద్దవి చేసి, ఉమ్మేశారు. "గట్టిగా ఉంది." తర్వాత చేదుది. "ఊఁ. దీనికి పొగరు." తర్వాత గోధుమ. "అరటిపండు వాసన. బాగానే ఉంది." చివరికి జొన్న. నోట్లో తిప్పారు. మళ్ళీ తిప్పారు. ఉమ్మేశారు.

"ఇదేంటి నాయనా, నీళ్ళు పోశారా?"

శశాంక్ మొహంలో రంగు పోయింది. ఏం జరిగిందో అతనికి తెలియలేదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ, అద్దం వెనక చైత్రా. ఆమె నా పిడి వైపు చూసింది, తర్వాత భర్త వైపు చూసింది. అతను ఇంకా చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడి ఉన్నాడు. ఆమె నోరు మూసుకుంటే బీరు పోతుంది. తెరిస్తే యజమాని ముందు అతని పరువు పోతుంది. అద్దానికి ఆనించిన చెయ్యి తీసింది. తర్వాత తలుపు తెరుచుకుని వచ్చేసింది.

"నిన్ను రావద్దన్నానుగా అమ్మాయ్."

"క్షమించండి మేడం. చెక్క తిరగబడింది. మీరు చివరనుంచి మొదలుపెట్టారు. కాఫీ తర్వాత అది ఎవరికైనా నీళ్ళలాగే ఉంటుంది."

"ఎవరు తిప్పారు?"

"నేనే మేడం," అన్నాడు శశాంక్. చైత్ర వైపు చూడలేదు. "మా ఇంట్ల పెద్దోళ్ళకు ఏదిచ్చినా పిడి దిక్కు ఇస్తం. మా నాయిన తాళ్ళు గీస్తడు. కత్తి ఇచ్చేటప్పుడు గట్ల ఇయ్యాలె. చెయ్యి అలవాటు, నాకు తెల్వకుండనే తిరిగింది."

ఇందుమతి గారు అతన్నీ, నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఇది కత్తా?"

"కాదు మేడం."

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు."

"అందుకే మీ ఆవిడ ఇంకా నీ చేతికి ఏదైనా ఇస్తోంది." అని చైత్ర వైపు తిరిగారు. "మంచి అలవాటే. చోటు తప్పింది. కానీ నేను రెండోసారి ముట్టను, నీకు తెలుసు. మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతున్నాను."

చైత్ర బతిమాలలేదు. సరేనని తలూపి, గ్లాసులు తీసేద్దామని నా పిడి పట్టుకుంది. ఎత్తబోతూ జొన్న గ్లాసుని ఒక్కదాన్ని గుంటలో సరిగ్గా కూర్చోబెట్టింది. గ్లాసులు నాలుగూ గుంటల్లో సన్నగా మోగాయి. ఆ మోత ఇందుమతి గారికీ వినిపించినట్టుంది.

"పెరుగన్నం ఉందా?" అని అడిగారు.

వంటింట్లోంచి తెచ్చారు. ఉప్పు వెయ్యవద్దన్నారు. నిదానంగా తిన్నారు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు తాగి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నారు. రైలు టైము దగ్గరపడింది. డ్రైవరు వచ్చి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆమె కళ్ళు తెరవకుండానే వేలు ఎత్తి ఆగమన్నారు. ఒక పెద్దావిడ నాలుక విశ్రాంతి తీసుకుంటుంటే బ్రూవరీ మొత్తం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ట్యాంకుల్లో మాత్రం బుడగలు తమ పని తాము చేసుకుంటున్నాయి. నాకు ఆ నిశ్శబ్దం అంటే ఎంత గౌరవమో చెప్పలేను. ఇంత పట్టుదలగా రుచిని గౌరవించే ప్రాణి మనిషి తప్ప ఇంకొకటి లేదు.

రైలు వెళ్ళిపోయే వేళ దాటాక ఆమె కళ్ళు తెరిచారు.

"ఆ ఒక్కటే తీసుకురా. చెక్క వద్దు."

చైత్ర ఒక గ్లాసు జొన్న బీరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇందుమతి గారు ఎత్తి వెలుతురులో చూశారు. నోట్లో పోసుకున్నారు. తిప్పారు. స్టీలు గ్లాసు అందుకున్నారు. అది పెదవుల దాకా వచ్చి ఆగింది. ఆమె కనుబొమలు పైకి లేచాయి, అక్కడే ఉండిపోయాయి. గొంతు కదిలింది.

ఆమె ఉమ్మలేదు.

స్టీలు గ్లాసు కింద పెట్టి, ఇంకో గుక్క తాగారు. అది కూడా మింగారు. శశాంక్ చైత్ర చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందు పట్టుకున్నానని అతనికి గుర్తులేదు, వదిలించుకోవాలని ఆమెకి గుర్తులేదు.

"ట్యాంకు దీనికే," అన్నారు ఇందుమతి గారు. "ఒక్క మాట. దీన్ని ఆ చెక్క మీద పెట్టకండి. ఇది పోటీకి నిలబడేది కాదు. నలుగురి మధ్య కూర్చోపెట్టి ఎవరు గొప్ప అని అడిగితే ఇది మాట్లాడదు. విడిగా ఇవ్వండి, పక్కన ఏమీ లేకుండా."

అలా జొన్న బీరు గెలిచింది, నేను దాన్ని పోగొట్టుకున్నాను. పోల్చి చూపించడమే పనిగా ఉన్న నాకు, పోల్చకూడనిది ఒకటి ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నా మీద మూడు గ్లాసులే వెళ్తాయి. మొదటి గుంట ఖాళీ. కొత్తవాళ్ళు అందులో వేయించిన పల్లీలు పోసుకుంటారు, బండి తాళాలు పెడతారు. "ఇక్కడ ఏముండాలి?" అని ఎవరైనా అడిగితే వడ్డించే కుర్రాడు "అది విడిగా వస్తది సార్" అంటాడు.

నాకేమీ చిన్నతనం లేదు. దానికి ఒళ్ళో చోటివ్వలేకపోయినా, పక్క బల్ల మీద దాన్ని చూస్తుంటాను. మొన్న ఆదివారం ఒకావిడ తన ఆఫీసు మీద కోపంగా భర్తకు ఏదో చెబుతూ, చెబుతూనే ఆ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగింది. మాట మధ్యలో ఆగిపోయింది. గ్లాసు కిందికి దించి దానిలోకి చూసింది. ఏం చెబుతోందో ఆమెకి మళ్ళీ గుర్తురాలేదు. అతనూ అడగలేదు. చెయ్యి చాచి, ఆ గ్లాసు తన వైపు లాక్కున్నాడు.